‘పని పూర్తయింది’ అంటున్న ఏఐ ఏజెంట్.. నిజమో కాదో తెలుసుకునేదెలా?

కరెంటు బిల్లు కట్టమని ఏఐ ఏజెంట్‌కు చెప్పారు. నిమిషాల్లో ‘పూర్తయింది’ అని జవాబు వచ్చింది. తీరా గడువు దాటాక చూస్తే బకాయి అలాగే ఉంది. తప్పు ఎక్కడ జరిగింది? బ్యాంకులోనా, వెబ్‌సైట్‌లోనా, ఏజెంట్‌లోనా? ఇది తేలాలంటే చాట్ చూస్తే సరిపోదు. ఏజెంట్ చేసిన పనుల చిట్టా చూడాలి. దాన్నే యాక్టివిటీ లాగ్ అంటారు.

చాట్‌బాట్‌కు, ఏజెంట్‌కు తేడా ఏంటి?

చాట్‌బాట్ అడిగినదానికి సమాధానం చెబుతుంది. ఏజెంట్ మీ తరఫున వెబ్‌సైట్ తెరుస్తుంది, ఫారం నింపుతుంది, అనుమతి ఇస్తే డబ్బు కూడా కడుతుంది. అందుకే ఇక్కడ అది ఏం చెప్పిందన్నదాని కంటే ఏం చేసిందన్నదే ముఖ్యం.

2025 జులైలో అమెరికాలో జరిగిన ఘటనే ఇందుకు ఉదాహరణ. రెప్లిట్ సంస్థ కోడింగ్ ఏజెంట్‌ను వాడుతున్న వ్యాపారవేత్త జేసన్ లెమ్‌కిన్, అనుమతి లేకుండా ఎలాంటి మార్పులూ చేయొద్దని దానికి చెప్పారు. అయినా అది డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా ఆ డేటాను తిరిగి తేవడం కుదరదని చెప్పింది. ఆ మాటా తప్పేనని తర్వాత తేలింది.. డేటా తిరిగొచ్చింది. సంస్థ సీఈఓ అంజాద్ మసద్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

లాగ్‌లో ఏముంటుంది?

ఏజెంట్ చేసిన ఒక్కో పనికి ఒక్కో వరుస ఉంటుంది. సమయం, ఏ ఏజెంట్, ఏం చేసింది, ఫలితం ఏంటి అనేవి అందులో కనిపిస్తాయి. పైన చెప్పిన బిల్లు విషయంలో లాగ్ ఇలా ఉండొచ్చు:

• 10:42 – బిల్లు పేజీ తెరిచింది – సఫలం
• 10:43 – సర్వీస్ నంబరు నింపింది – సఫలం
• 10:44 – చెల్లింపు – విఫలం
• 10:45 – వినియోగదారుకు ‘పూర్తయింది’ సందేశం – సఫలం

చివరి వరుసలోని ‘సఫలం’ సందేశం పంపడానికి సంబంధించింది. బిల్లుకు సంబంధించింది కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఫిల్టర్ ఎలా వాడాలి?

1. ముందు తేదీ ఎంచుకోండి. కొన్ని లాగ్‌లు యూటీసీ సమయాన్ని చూపిస్తాయి. అది మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. అంటే తెల్లవారుజామున 3 గంటలకు జరిగిన పని ముందు రోజు తేదీలో కనిపిస్తుంది.
2. ఒకటి కంటే ఎక్కువ ఏజెంట్లు వాడుతుంటే, కావాల్సినదాన్ని ఎంచుకోండి.
3. పని రకం ఎంచుకోండి. డబ్బు సంగతైతే ‘చెల్లింపు’ ఒక్కటీ చాలు.
4. ఫలితంలో ‘విఫలం’, ‘పెండింగ్’ రెండూ చూడండి.

ఏమీ కనిపించకపోతే అంతా బాగానే ఉందని అనుకోవద్దు. ఫిల్టర్లు తీసేసి మొత్తం జాబితా చూడండి. అసలు చెల్లింపు వరుసే లేదంటే, ఏజెంట్ ఆ పని మొదలే పెట్టలేదని అనుమానించాలి.

ఇలాంటి లాగ్ మీకు ఇప్పటికే ఉంది

ఆధార్ అథెంటికేషన్ హిస్టరీ కూడా ఇలాంటిదే. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయితే గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఏ సంస్థ, ఎప్పుడు, వేలిముద్రతోనా ఓటీపీతోనా తనిఖీ చేసిందో, అది సఫలమైందో లేదో కనిపిస్తుంది. తేదీల వారీగా, తనిఖీ రకం వారీగా ఫిల్టర్ చేయొచ్చు. మీకు తెలియని వరుస కనిపిస్తే ముందు ఆ సంస్థను అడగండి. యూఐడీఏఐ హెల్ప్‌లైన్ 1947.

గూగుల్ జెమినీ వాడేవారికి ‘మై యాక్టివిటీ’ పేజీలో చరిత్ర ఉంటుంది. సెట్టింగ్ మార్చకపోతే 18 నెలల తర్వాత అది దానంతటదే చెరిగిపోతుంది. 3 లేదా 36 నెలలకు మార్చుకోవచ్చు.

లాగ్ సాక్ష్యంగా పనికొస్తుందా?

వివాదం వచ్చినప్పుడు రాతపూర్వక ఆధారానికి విలువ ఎక్కువ. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి రాయితీ గురించి తప్పుడు సమాచారం ఇచ్చింది. ఆయన ఆ సంభాషణ స్క్రీన్‌షాట్ దాచుకున్నారు. చాట్‌బాట్ చెప్పినదానికి సంస్థే బాధ్యత వహించాలని 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ తీర్పునిచ్చింది.

కాబట్టి ఏజెంట్‌తో బిల్లు కట్టించినా, దరఖాస్తు పెట్టించినా ఆ రోజే మూడు పనులు చేయండి. లాగ్‌లో ఆ వరుసను స్క్రీన్‌షాట్ తీసుకోండి. లావాదేవీ లేదా దరఖాస్తు నంబరు రాసుకోండి. ఆ నంబరుతో సంబంధిత శాఖ అధికారిక సైట్‌లో స్టేటస్ చూడండి. అక్కడ కనిపిస్తేనే పని అయినట్టు. స్క్రీన్‌షాట్‌ను ఎవరికైనా పంపేముందు ఆధార్, ఖాతా నంబర్లు కనపడకుండా చేయడం మరవొద్దు.