వంశదోషమా? వ్యాధి మాత్రమేనా?

ఒంటికి జబ్బు చేస్తే ఊరంతా వచ్చి పరామర్శిస్తుంది. మనసుకు జబ్బు చేస్తే ఇంటివారే తలుపులు మూసుకుంటారు. గుండెకు, మూత్రపిండాలకు వ్యాధి రావచ్చునని ఒప్పుకొనే మనము, మెదడు కూడా శరీరంలో ఒక అవయవమేనన్న సంగతిని ఎందుకో మరచిపోతుంటాము. ఆ మరపునకు మేము కూడా మూల్యం చెల్లించాము. కావుననే ఈ వ్యాసం.

కార్యాలయపు పని మీద ఢిల్లీ వెళ్లినప్పుడల్లా ఓల్డ్ రాజిందర్ నగర్‌కు వెళ్లి రావడం మాకు అలవాటు. దేశ విభజన తరువాత పశ్చిమ పంజాబు నుండి కట్టుబట్టలతో తరలివచ్చిన కుటుంబాలు స్థిరపడిన ఆ పేట, నేడు సివిల్ సర్వీసు పరీక్షల శిక్షణకు పేరుపొందింది. బడా బజార్ మార్గ్‌లో నడుస్తూంటే గోడల నిండా శిక్షణా కేంద్రాల ప్రకటనలు, చేతిలో నోట్సులతో యువతీయువకులు, మధ్యమధ్య చెవిన పడే తెలుగు మాటలు. మా మేనల్లుడు అక్కడ ఒక ఇరుకు గదిలో ఉండి చదువుకొనేవాడు.

రాజ్యాంగంలోని అధికరణాలను సంఖ్యలతో సహా అప్పగించే ఆ కుర్రవాడు, రెండవ ప్రయత్నం నాటికి ఒకే పుటను గంటసేపు చూస్తూ కూర్చొనేవాడు. అడిగిన మాటకు జవాబు ఆలస్యంగా వచ్చేది. 'శ్రద్ధ తగ్గింది, ఢిల్లీ గాలి సోకింది' అని మేము ఫోనులో మందలించాము. దిష్టి తగిలిందని మా అక్కయ్య అన్నది. ఆరు నెలలు అలాగే గడిచాయి. గోడ అవతలివారు తన గురించే మాట్లాడుకొంటున్నారని భయపడి అతడు రెండు రోజులు తలుపు తీయకపోయేసరికి, స్నేహితులు మాకు కబురు పెట్టారు. వైద్యులు కొంతకాలం పరిశీలించిన మీదట అది స్కిజోఫ్రేనియా అని నిర్ధారించారు.

ఆ రాత్రి అక్కయ్య ఒకే ఒక ప్రశ్న అడిగింది. "తమ్ముడూ, ఇది మన రక్తంలోనే ఉన్నదా? రేపు అమ్మాయి పెళ్లికి అడ్డమవుతుందా?" ముప్పై ఏళ్లుగా యంత్రాలతో వ్యవహరిస్తున్న మా వద్ద దానికి సమాధానం లేకపోయింది. తరువాత చదివి, వైద్యులను అడిగి తెలుసుకొన్న సంగతులను మన ఉద్యోగ కుటుంబాలతో పంచుకొంటున్నాము.

వ్యాధి స్వరూపం

జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1890వ దశకంలో ఈ వ్యాధిని వర్ణిస్తూ, చిన్న వయసులోనే బుద్ధి క్షీణించడం దీని లక్షణమన్నాడు. 1908లో స్విట్జర్లాండుకు చెందిన యూజెన్ బ్లూలర్ దీనికి స్కిజోఫ్రేనియా అని పేరు పెట్టాడు. సినిమాలలో చూపినట్లు ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండడం కాదిది. ఆలోచన, అనుభూతి, ప్రవర్తనల మధ్య పొందిక సడలడం. లేని మాటలు వినిపించడం, నిరాధారమైన అనుమానాలు బలపడడం దీని ప్రధాన లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల మందికి పైగా దీనితో జీవిస్తున్నారు. ఎక్కువగా యౌవనారంభం నుండి ముప్పై ఏళ్ల లోపున, అనగా పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు ఇల్లు విడిచి వెళ్లే వయసులోనే, ఇది బయటపడుతుంది.

తెలివి లోపమా, శక్తి లోపమా?

1952లో క్లోర్‌ప్రోమజిన్ అనే ఔషధం వాడుకలోకి వచ్చిన తరువాత భ్రమలను, భ్రాంతులను అదుపు చేయడం సాధ్యమైంది. కాని ఏకాగ్రత, జ్ఞాపకం, ఆలోచనా వేగం, పనిని క్రమపద్ధతిలో పెట్టుకొనే నేర్పు - వీటిలో కలిగే మందగింపును మందులు అంతగా సరిచేయలేకపోతున్నాయి. రోగి తిరిగి చదువుకోగలడా, ఉద్యోగం చేసుకోగలడా అన్నది చాలా వరకు వీటి మీదనే ఆధారపడి ఉన్నది. అనేకమందిలో ఈ మందగింపు భ్రమల కంటే ముందుగానే మొదలవుతుంది. మనము సోమరితనమని తిట్టేది తరచుగా దానినే.

ఓల్డ్ రాజిందర్ నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని డాక్టర్ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో ఈ విషయంపై చాలా కాలంగా పరిశోధన జరిగింది. డాక్టర్ స్మితా దేశ్‌పాండే, డాక్టర్ త్రిప్తిష్ భాటియా, ఢిల్లీ విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర విభాగానికి చెందిన ఆచార్య బి.కె. తెల్మా, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ విశ్వజిత్ నిమ్‌గావ్‌కర్ ఇందులో ప్రముఖులు. కాగితంపై చెల్లాచెదరుగా ఉన్న అంకెలను వరుసగా గీతతో కలిపే పరీక్ష ఒకటి ఉన్నది. చూడడానికి పిల్లల ఆటలా ఉన్నా, ఏకాగ్రతను, వేగాన్ని అది చక్కగా కొలుస్తుంది. దానిని మన దేశస్థులకు అనువుగా మలచిన అధ్యయనాన్ని వీరు 2007లో ప్రచురించారు. మెదడులో సంకేతాలను చేరవేసే డోపమిన్‌కు సంబంధించిన జన్యువులలోని తేడాలకు, ఇటువంటి జ్ఞాన పరీక్షల ఫలితాలకు గల సంబంధాన్ని ఉత్తర భారత రోగులలో పరిశీలించి 2013లో మరొక పరిశోధన వెలువరించారు. వ్యాధి లేని తోబుట్టువులలో సైతం ఇటువంటి పరీక్షలలో స్వల్పమైన తేడాలు కనిపించడం ప్రపంచంలో పలుచోట్ల గమనించిన విషయమే. జన్యువులకు, జ్ఞానశక్తికి గల ముడిని శాస్త్రజ్ఞులు వెదకడానికి అది ఒక కారణం.

ఇదే ఆసుపత్రి బృందం 286 మంది రోగులను మూడు వర్గాలుగా చేసి, చికిత్సకు తోడుగా ఒక వర్గానికి 21 రోజులు యోగాసనాలు, మరొక వర్గానికి వ్యాయామం నేర్పి, మూడవ వర్గానికి మామూలు చికిత్స మాత్రమే కొనసాగించి, 2017లో ఫలితాలను ప్రకటించింది. యోగం, వ్యాయామం రెండూ ఏకాగ్రతకు కొంత మేలు చేసినట్లు కనిపించింది. మందులు మాని ఆసనాలు వేయమని దీని అర్థం కాదు. మందులతో పాటు అన్నది ముఖ్యం.

జన్యువుల సంగతి

ఇక అక్కయ్య ప్రశ్న. ఈ వ్యాధి రావడంలో వంశపారంపర్యానికి పెద్ద పాత్రే ఉన్నది. అయితే ఆ పాత్ర మనము ఊహించుకొనే విధంగా లేదు. ఒక ఫ్యూజు కాలి యంత్రం ఆగిపోవడం వేరు. వందలాది బోల్టులు రవ్వంత వదులై ఉండగా, దానికి తోడు భారం పెరిగి యంత్రం కంపించడం వేరు. స్కిజోఫ్రేనియా చాలామందిలో ఈ రెండవ కోవకు చెందినది.

2014లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం ఈ వ్యాధితో సంబంధమున్న 108 జన్యు స్థానాలను గుర్తించింది. 2022 నాటికి, 76,755 మంది రోగులను పరిశీలించిన మీదట, అవి 287కు చేరినవి. వీటిలో ఒక్కొక్క తేడా ప్రభావం అత్యల్పం. అటువంటి తేడాలు కొన్ని మనలో ప్రతి ఒక్కరిలోనూ ఉంటాయి. పుట్టుక సమయంలోని చిక్కులు, బాల్యంలోని కష్టాలు, గంజాయి వంటి మత్తుపదార్థాలు ఆ అదనపు భారాన్ని పెంచుతాయి.

ఒకే పిండం నుండి పుట్టిన కవలలలో ఒకరికి ఈ వ్యాధి వస్తే, రెండవవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. జన్యువులన్నీ ఒకటే అయినా ఇంతే! సాధారణ జనాభాలో జీవితకాలంలో నూటికి ఒకరికి మించకుండా వచ్చే ఈ వ్యాధి, రోగి తోబుట్టువులలో నూటికి సుమారు 9 మందికి రావచ్చునని పాత కుటుంబ అధ్యయనాల అంచనా. అనగా నూటికి సుమారు 91 మందికి రాదు.

మన జనాభాలో

ఇటువంటి పరిశోధనలు చాలాకాలం ఐరోపా సంతతివారి మీదనే ఎక్కువగా జరిగాయి. చెన్నైలో 1984లో ప్రారంభమైన స్కార్ఫ్ సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కలిసి దక్షిణ భారతీయులపై జరిపిన జన్యు అధ్యయనం 2019లో వెలువడింది. శరీరం నయాసిన్ అనే బి3 విటమిన్‌ను వినియోగించుకొనడంలో పాత్ర గల ఒక జన్యువు వైపు అది వేలు చూపింది. ఇది దారి మాత్రమే, చికిత్స కాదు. విటమిన్ బిళ్లలు కొని మింగవలసిన పని లేదు.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం, దక్షిణాసియాలోని 263 సమూహాలలో 81 కొద్దిమంది పూర్వీకుల నుండి పెరిగి, తమలో తాము వివాహాలు చేసుకొంటూ వచ్చినట్లు చూపింది. అటువంటి చోట, మేనరికాలలోనూ, తల్లిదండ్రులిద్దరి నుండి ఒకే జన్యులోపం సంక్రమిస్తే వచ్చే వ్యాధులు బయటపడే అవకాశం పెరుగుతుంది. కాని స్కిజోఫ్రేనియా ఆ విధంగా ఒక్క లోపంతో వచ్చేది కాదు గనుక, మేనరికం వల్లనే వచ్చిందని ఏ తల్లిని, ఏ తండ్రిని నిందించడానికి వీలు లేదు.

మా విన్నపం

బేరింగు పూర్తిగా పోయేదాకా మనము ఆగము. ప్రకంపనలలో తేడా కనిపించగానే యంత్రాన్ని పరీక్షిస్తాము. కన్నబిడ్డల విషయంలో ఆ పాటి జాగ్రత్త వద్దా? చదువులో అకారణంగా వెనుకబడడం, మాట తగ్గడం, స్నేహితులకు దూరం కావడం, నిద్ర చెడడం నెలల తరబడి సాగుతూంటే మందలింపు మాని మానసిక వైద్యుని సంప్రదించండి. అవన్నీ ఈ వ్యాధికే గుర్తులు కాకపోవచ్చును. ఆ నిర్ణయం వైద్యునిదే. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవను 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే పొందవచ్చును. చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత మెరుగు.

మా మేనల్లుడు క్రమం తప్పక మందులు వాడుతున్నాడు. సివిల్ సర్వీసు ఆలోచన మానుకొని, ఇంటి దగ్గర ఒక చిన్న సంస్థలో లెక్కలు వ్రాస్తున్నాడు. ఆలస్యంగా చేస్తాడు, కాని తప్పు చేయడు. మా మేనకోడలికి సంబంధం వచ్చినప్పుడు అక్కయ్య, బావగారు విషయం దాచలేదు. ఒక సంబంధం తప్పిపోయింది. రెండవవారు వైద్యుని అడిగి తెలుసుకొని, సరేనన్నారు.

ఈ వ్యాసం వ్రాయవచ్చునా అని మేము అతనినే అడిగాము. కాసేపు ఆలోచించి, "వ్రాయండి మామయ్యా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. పేరు వ్రాసినా నష్టం లేని రోజు రావాలని మా కోరిక.