తమ్ముని బట్టతల

వంటలు, వ్రతములు, శిశుపోషణము, కుట్టుపనులు మొదలగువానిని గూర్చి వ్రాయవలసిన తావున పురుషుని బట్టతలను గూర్చి వ్రాయుచున్నానేమని మీరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినదాననే. కాని యింటిలో నొక పడుచువాని వెండ్రుకలు రాలుట మొదలయినప్పుడు నూనె కాచి యిచ్చునది తల్లి, హాస్యమాడునది అక్క, సంబంధమునకు వచ్చి వంక పెట్టునది పిల్లతల్లి. ఇందఱు స్త్రీలకు పనియున్న విషయమును మనలో మనము ముచ్చటించుకొనుట తప్పుగాదని తలంచి, గత సంవత్సరము మా పుట్టినింట జరిగినదానిని, దానివలన నేను నేర్చుకొన్నదానిని మీ ముందుంచుచున్నాను.

నా తమ్మునికి 26 సంవత్సరములు. హైదరాబాదులో కంప్యూటరు కొలువు. వానికి 20వ యేటనే నుదుటి కిరువైపుల వెండ్రుకలు వెనుకకు జరుగ నారంభించినవి. నాలుగేండ్లు గడచునప్పటికి నడినెత్తి చర్మము కనబడసాగెను. చిన్ననాడు మా నాన్నగారు మా యిద్దఱిచేత భర్తృహరి సుభాషితముల తెనుగు పద్యములను వల్లెవేయించిరి. అందు ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు బోయిన బట్టతలవాని నెత్తిపై పండు పడిన కథ గలదు గదా! వాడు పండుగకు వచ్చినప్పుడెల్ల నే నా పద్యము నెత్తుకొనెడిదానను. వాడును నవ్వెడివాడు. ఆ నవ్వు పెదవులకే గాని మనస్సునకు గాదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

వాడు పంకా క్రింద కూర్చుండుట మానెను. పెండ్లిండ్లలో ఫొటో తీయువేళకు వెనుకవరుసకు జరిగెడివాడు. ఇంటిలో సైతము టోపీ. స్నానముచేసి వచ్చునప్పుడు తూముకడ చిక్కుకొన్న వెండ్రుకల నేరి కాగితములో చుట్టి, ఎవరును చూడకుండ పాఱవేసెడివాడు. బండి దిగగానే అద్దము వెదకుకొని, ప్రక్క వెండ్రుకలను నడినెత్తిమీదికి దువ్వుకొనెడివాడు. మా అమ్మ గుంటగలగరాకు దంచి, రసము తీసి, నువ్వులనూనెలో కాచి, సీసాలు నింపి పంపెడిది. ఒకరు ఉల్లిపాయరసమనిరి, ఒకరు మందారాకనిరి, ఒకరు ఆముదమనిరి. అన్నియు జరిగినవి. వెండ్రుకలు మాత్రము తమ దారిని తాము పోవుచునే యుండెను.

ఒకనాడు మా మేనత్త అమ్మను చూచి, "ఇది మీ పుట్టింటి సొత్తు వదినా! మీ అన్నగారి నెత్తి చూచితిమి కాదా?" యనెను. అమ్మ మాఱు పలుకలేదు. ఆ రాత్రి వంటయింటిలో నాతో, "నేనే వాని కీ రాత తెచ్చితినా?" యని కన్నీరు పెట్టుకొనెను. అప్పుడు గాని నేను ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొన బూనుకొనలేదు.

మన పూర్వులీ వ్యాధి నెఱుగనివారు కారు. సుశ్రుతుడు దీనిని ఇంద్రలుప్తమనియు ఖాలిత్యమనియు పేర్కొని, పిత్తవాతముల వలన వెండ్రుకలు రాలుననియు, కఫరక్తములు రోమకూపముల నడ్డుటచే మరల మొలవవనియు చెప్పెను. నేటి శాస్త్రము చెప్పునది వేఱు. 1942వ సంవత్సరమున హామిల్టనను అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు, యౌవనమునకు ముందే పురుషరసము లోపించినవారికి బట్టతల రాదనియు, వారికి ఆ రసము నిచ్చినచో, వంశమున బట్టతల గలవారికి వచ్చుననియు కనుగొనెను. మగవాని దేహమున సహజముగా నుండు ఆ రసమునుండి పుట్టు మఱియొక రసమునకు కొందఱి నెత్తిమీది రోమకూపములు తాళలేవు. ఒక్కొక్క తూరి రాలి మొలచునప్పుడెల్ల వెండ్రుక మునుపటికంటె సన్నమై, పొట్టిదై, తుదకు నూగుగా మాఱును. చెవులకు పైనను, వెనుకను ఉన్న కూపములకు ఈ బాధ లేదు. అందుచేతనే అచట జుట్టు నిలిచియుండును. ఇందు నూనెల లోపము గాని, టోపీ దోషము గాని లేదు.

ఇక వంశము మాట. ఇందుకు కారణమగు బలమైన బీజాంశ మొకటి తల్లినుండి కుమారునికి సంక్రమించునది యగుట నిజమే. కాని అట్టివి యింకను పెక్కులు గలవు. అవి తలిదండ్రు లిద్దఱినుండియు వచ్చును. కావున బట్టతల నంతయు మేనమామ పోలికకు కట్టబెట్టి కోడలిని నిందించుట బోడితలకు మోకాలికి ముడివేయుటయే. ఈ మాట మా మేనత్తకు నేనే చెప్పితిని. అమ్మకు రెండుమాఱులు చెప్పితిని.

వైద్యమున కేమి? వాడు చర్మవ్యాధుల వైద్యుని యొద్దకు పోయెను. మినాక్సిడిల్ అను ద్రవమొకటి గలదు. అది మొదట రక్తపు పోటుకు మాత్రగా నుండి, పిమ్మట తలకు పూతగా మాఱినది. నాలుగైదు నెలలు విడువక పూసిన గాని ఫలము తెలియదు; మానినచో కొన్ని నెలలలో వచ్చినది మరల పోవును. ఫినాస్టెరైడ్ అను మాత్రను 1997వ సంవత్సరమున అమెరికాలో పురుషుల బట్టతలకు అంగీకరించిరి. అది పెక్కుమందికి మేలు చేయును. కొందఱికి కామోద్దీపనము తగ్గుట, మనస్సు క్రుంగుట మొదలగు చెఱుపులు కలుగవచ్చును. వైద్యుని సలహా లేక మ్రింగరాదు. గర్భిణీస్త్రీలు ఆ మాత్ర నలిగినదానిని చేత తాకరాదు. కడుపులోని మగశిశువునకు కీడు. వెనుకజుట్టు తీసి ముందు నాటు శస్త్రచికిత్సయు గలదు. అయినను నాటనిచోట రాలుట ఆగదు, వ్యయమును మెండు. మా తమ్ముడు పూత పదునాలుగు నెలలు పూసి, మాత్ర కొంతకాలము వేసికొని, మనస్సు దిగులుగా నున్నదని వైద్యునితో చెప్పి మానెను.

ఇంతలో సంబంధములు రాసాగెను. మధ్యవర్తి నాలుగేండ్లనాటి ఫొటో పంపుడనెను, పంపితిమి. పిల్లవారు వచ్చిరి. పిల్లతల్లి వాని నుదురు చూచి, పిల్లపిన్ని చెవిలో నేదో చెప్పెను. ఫలహారములు ముగియకముందే వారికి బస్సు వేళయైనది. "వచ్చుమాఱు విగ్గు పెట్టింతము" అని మధ్యవర్తి సలహా. మన మాడవారము సవరము పెట్టి జడ వేసికొనుచున్నాము గదా, మగవాడు విగ్గు పెట్టినచో తప్పేమి యని నాకును తోచెను. తప్పు లేదు, నిజమే. దానితో తృప్తిపడువారు నిశ్చింతగా పెట్టుకొనవచ్చును. కాని తమ్ముడు నన్నొక్కమాట అడిగెను: "అక్కా! పెండ్లియైన మఱునాడు ఆ పిల్ల యేమి చూచును?" నాకు జవాబు దొరకలేదు.

ఆ రాత్రి భోజనములయొద్ద వాడు, "రేపు తల నున్నగా గొరిగించుకొందును. ఇకమీదట నట్లే యుందును" అనెను.

అమ్మ చేతిలోని గరిటె క్రింద పెట్టెను. "తండ్రి కళ్లయెదుట నుండగా తల గొరిగించుకొందువా? నోట పలుకరాని మాట!" యనెను. మన యిండ్లలో కొడుకు తల గొరిగించుకొనుట యనగా నేమో మీకు చెప్పనక్కఱలేదు. మేనత్త యుపాయము చెప్పెను: "తిరుపతి మ్రొక్కని చెప్పి కొండకు పోయి రారా. ఎవరు నేమియు ననరు." తమ్ముడు, "మ్రొక్కున్ననాడు తప్పక పోయెదను అత్తా! లేని మ్రొక్కు నుంచి స్వామిని చాటు చేసికొనను. మఱియు అదొక్కనాటి గుండు, నాది ప్రతిదినము" అనెను. నేను నడుమ జొచ్చి, "పెండ్లి యగుదాక ఓర్చుకొనరాదా?" యంటిని. ఆ మాట యన్నందుకు నే నిప్పటికిని సిగ్గుపడుచున్నాను. ఆఱేండ్లుగా వాడు ఓర్చుకొన్నది చాలదని చెప్పినట్లే గదా!

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. రుక్మిణీకల్యాణము మన మందఱము పారాయణ చేసినదే. అందు కృష్ణుడు రుక్మిని చంపక, తలయు మీసములును గొరిగి విరూపుని చేసెను. బంధువున కట్టి యవమానము చంపుటతో సమానమని బలరాముడు మందలించెను. మా ముత్తవ్వ తన మేనత్తను గూర్చి చెప్పెడిది: పండ్రెండేండ్లకే భర్త పోగా, ఆ పిల్లను పట్టి కూర్చుండబెట్టి, జడ తీసివేసిరట. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినను, ఆ కత్తి మన యిండ్లలోనికి వచ్చుట మానుటకు ఇంకను చాలకాలము పట్టినది. మఱి తిరుమల కల్యాణకట్టలో తమంతట తాము తలవంచి తలనీలాలిచ్చు స్త్రీపురుషుల ముఖములలో ఎంత తేటదనము! కత్తి యొక్కటే. కోరి కూర్చున్నదా, పట్టి కూర్చుండబెట్టినదా యనుటలోనే భేదమున్నది. జుట్టు పోవుట నా తమ్ముడు కోరినది కాదు. కత్తి యొక్కటియే వాడు కోరగలిగినది. దానిని గూడ మేము కాదనుచుంటిమి.

తెల్లవాఱి నాన్నగారు అమ్మను పిలిచి యిట్లనిరి: "నేనుండగా వాడు తల గొరిగించుకొనుట అశుభమని నీ వనుచున్నావు. నేనుండగా వాడు తల దాచుకొని తిరుగుటయే నాకు అశుభముగా తోచుచున్నది." అమ్మ ఏమియు ననక లోనికి పోయెను. తమ్ముడు వీధిచివరి మంగలి దుకాణమునకు బోయి వచ్చెను.

మొదటినాడు మా పిల్లలు నవ్విరి. తల తెల్లగా, ముఖము నల్లగా నుండెను. మూడవనాటికి ఎవరికిని గుర్తులేదు. మా వారు బడిపంతులు, "జుట్టు పలుచనైనప్పుడు పెద్దవానివలె నుండెను, ఇప్పుడు మా తరగతి పిల్లవానివలె నున్నాడు" అనిరి. నేను గమనించిన దొక్కటియే. వాడు పంకా క్రింద కూర్చుండి భోజనము చేసెను.

మీ యింట నెవరైన నిట్లు నిశ్చయించుకొన్నచో, కొన్ని మాటలు పనికివచ్చును. ముందుగా అది బట్టతలయే యని వైద్యునివలన తెలిసికొనవలెను. దినమునకు 50 మొదలు 100 వెండ్రుకలు రాలుట యందఱికిని సహజము. తీవ్రజ్వరము తర్వాత గాని, ప్రసవము తర్వాత గాని, రెండు మూడు నెలలకు గుత్తులుగా రాలినచో భయపడవలదు. సాధారణముగా మరల వచ్చును. అక్కడక్కడ గుండ్రముగా పోవు పేనుకొఱుకుడు వేఱు వ్యాధి. థైరాయిడు దోషము, ఇనుము లోపము వలనను రాలవచ్చును. ఆడవారు వీనిని పరీక్ష చేయించుకొనుట మఱింత యవసరము. గొరిగించినచో జుట్టు ఒత్తుగా మొలచునని యాశపడవలదు. ట్రాటరను శాస్త్రజ్ఞురాలు 1928వ సంవత్సరమునందే గొరుగుటవలన వెండ్రుక దళసరి గాదని పరీక్షించి చూపెను. మొలక కొన మొద్దుగా నుండుటచే గరుకుగా తోచును, అంతే. మంగలిచేత క్రొత్త బ్లేడు వేయింపవలెను. ఒకరి బ్లేడు మఱియొకరికి వాడినచో కామెర్ల వంటి రోగములు రక్తమునుబట్టి ప్రాకవచ్చును. తల వేడినీట తడిపి, మొలచిన దిక్కుననే కత్తి నడపినచో గాట్లు పడవు. బోడితలకు ఎండ హెచ్చుగా తగులును. బయట టోపీ గాని, ఎండనాపు పూత గాని తప్పదు. ఈ టోపీ ఎండకు, సిగ్గుకు గాదు.

సంబంధము కుదిరినదా యని మీరడుగుదురు. ఇంకను లేదు. ఇప్పుడు పంపు ఫొటోలో వాడు గుండుతోనే యున్నాడు. రెండిండ్లవారు వలదనిరి. మంచిదే, వచ్చి ఫలహారము సగములో విడిచి పోవుటకంటె అది మేలు. మూడవ యింటి పిల్ల వానితో మాటలాడుచున్నది. దైవానుగ్రహము.

దీపావళికి వాడు వచ్చెను. నరకచతుర్దశినాడు తెల్లవాఱుజామున అమ్మ పీటలు వేసి, అందఱకును మాడున నూనె పెట్టుచు వానియొద్దకు వచ్చి, గిన్నెతో నిలిచిపోయెను. వాడు తలవంచెను. అమ్మ గుంటగలగరాకు నూనెయే అఱచేత పోసికొని, వాని నున్నని తలమీద మెల్లగా మర్దించి, "నీకు చిన్నప్పుడు పుట్టువెండ్రుకలు తీయించిననాడు నిట్లే యుంటివిరా" యనెను.

సోదరీమణులారా! జుట్టున్నమ్మ ఏ కొప్పయిన పెట్టునందురు. లేనివారి నెత్తిమీద మాత్రము మనమందఱము ఏదో యొకటి పెట్టజూతుము: నూనె, విగ్గు, వంక, పద్యము. మన తమ్ములు, కుమారులు, భర్తలు తమ తలను గూర్చి తామొక నిశ్చయమునకు వచ్చిననాడు మన చేయవలసినది కొంచెమే. శకునమని యడ్డుపడక, హాస్యమాడక, పీట వేసి కూర్చుండబెట్టి, ఎప్పటివలెనే తలంటి పోయుద మని నా ప్రార్థన.