వాకిలి వేరు, గడియ వేరు

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో గద పట్టుకుని నిలబడ్డ ద్వారపాలకుణ్ణి ఎప్పుడు చూసినా నాకు ఆశ్చర్యమే. గుడి కాపలా అంతా తనదే అన్నట్టుంటాడు గానీ తలుపు గడియ ఆయన చేతిలో ఉండదు. లినక్స్ కంప్యూటరు వాకిలి కూడా ఇలాంటిదేనని అక్కడే ఒక శిల్పశాల ఆఫీసు గదిలో నాకు తెలిసొచ్చింది.

అక్కడి పాత కంప్యూటర్లో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించాం. ఆ శిల్పశాల పెద్దాయన ఒక్కటే కోరాడు: తెరవగానే తెలుగులో స్వాగతం, కింద తాను చెక్కిన నంది బొమ్మ కనిపించాలి. నంద్యాల చుట్టూ నవనందులు వెలసిన సీమ కదా, ఆ కోరిక సబబే అనిపించింది. డీకాన్ఫ్ అనే సెట్టింగుల ఖజానాలో లాగిన్ తెరకు విడిగా ఒక పద్దు ఉంటుంది. అందులో సందేశం రాశాను, బొమ్మ చిరునామా ఇచ్చాను. కంప్యూటరు మళ్లీ తెరిస్తే సందేశం వచ్చింది, నంది రాలేదు.

కారణం వెతుకుతూ పోతే ఆ తెర పుట్టుపూర్వోత్తరాలే బయటపడ్డాయి.

యునిక్స్ తొలినాళ్లలో ప్రవేశమంటే నల్లటి తెర మీద ఒక్క మాట, పక్కన మిణుకుమనే గీత. దాన్ని గెట్టీ అనే చిన్న ప్రోగ్రాము చూసుకునేది. 1988లో ఎక్స్ విండో వ్యవస్థలో భాగంగా కీత్ ప్యాకర్డ్ రాసిన ఎక్స్‌డీఎం వచ్చింది. బొమ్మల తెర మీద పేరు, పాస్‌వర్డ్ అడగడం దాని పని. తర్వాత అదే పనికి గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్లది జీడీఎం, కేడీఈ డెస్క్‌టాప్ వాళ్లది కేడీఎం వచ్చాయి. జీడీఎంకు ఒకప్పుడు లెక్కలేనన్ని థీములుండేవి. 2008లో దాన్ని తిరగరాసినప్పుడు అవన్నీ పోయాయి. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2010లో రాబర్ట్ ఆన్సెల్ లైట్‌డీఎం మొదలుపెట్టాడు. ఉబుంటు 2011లో దాన్ని తీసుకుని, 2017లో మళ్లీ జీడీఎంకే వచ్చింది.

ఈ మార్పులన్నీ ముఖానికే. మనకు కనిపించే తెరను గ్రీటర్ అంటారు. అది పేరు అడుగుతుంది, పాస్‌వర్డ్ అందుకుంటుంది, అంతే. లోపలికి పంపాలా వద్దా అన్న తీర్పు పామ్ అనే మరో వ్యవస్థది. 1995లో సన్ సంస్థ ఇంజనీర్లు ప్రతిపాదించిన పద్ధతి ఇది. పాస్‌వర్డ్ నుంచి గణితంతో తీసిన ముద్ర మాత్రమే షాడో అనే ఫైలులో ఉంటుంది, దాన్ని మామూలు ఖాతాలు చదవలేవు. పామ్ మన జవాబునుంచి అదే గణితంతో ముద్ర తీసి పోల్చి చూస్తుంది. గ్రీటర్‌కైతే తక్కువ అధికారాలున్న సొంత ఖాతా ఒకటుంటుంది. వాకిలి మీద ఎవరైనా ఎన్ని బొమ్మలు చెక్కినా గడియ వదులు కాకూడదనే ఈ ఏర్పాటు.

నంది కనిపించకపోవడానికి కారణం ఇదే. నేను బొమ్మను పెద్దాయన హోమ్ ఫోల్డరులో పెట్టాను. ఉబుంటు 21.04 నుంచి ఆ ఫోల్డరు పరాయి ఖాతాలకు మూసి ఉంటుంది, గ్రీటర్ కూడా పరాయిదే. బొమ్మను అందరూ చదవగల చోటుకు మార్చాను. నంది వచ్చి కూర్చుంది.

"ఏమబ్బీ, వాకిలి బాగుండాది. గడియ గట్టిదేనా?" అన్నాడాయన. తర్వాత పాస్‌వర్డ్ కూడా తెలుగులోనే పెడదామన్నాడు. అక్కడ మాత్రం వద్దన్నాను. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరమే. యూనికోడ్‌లో అది శ, పొల్లు, ర, దీర్ఘం కలిసిన నాలుగు సంకేతాలు. కీబోర్డు ఏ భాషలో ఉందో చూసుకోకుండా కొడితే ముద్ర మొత్తం మారిపోతుంది. పైగా ఎప్పుడైనా బొమ్మల తెర మొరాయిస్తే, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కి పాత నల్ల తెరకే పోవాలి. ఆ తెరకు 512 ఆకారాలకు మించి పట్టవు. గుణింతాలూ వత్తులూ కలిపి రాయడం దానికి చేతకాదు. కాబట్టి తెలుగు పలకరింపు బొమ్మల తెర వచ్చాకే సాధ్యమైంది.

పాస్‌వర్డ్ ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాం. దాన్ని ఆయన ఒక్కో మీటే వెతుక్కుంటూ కొట్టాడు. పైన ఆయన చెప్పిన మాటే తెలుగులో వెలుగుతోంది: "రండి, కూర్చోండి."