తనంతట తాను వంగే కంటి పొర

కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమావళిని భారత ప్రభుత్వం 2023లో సవరించి, జంతువులపై జరిపే పరీక్షలకు ప్రత్యామ్నాయాలుగా ప్రయోగశాలలో పెంచిన కణజాల నమూనాలను కూడా గుర్తించినప్పటి నుంచి, ఆర్గనాయిడ్ అనే మాట మందుల పరిశ్రమతో ముడిపడే ఎక్కువగా వినిపిస్తోంది. మూలకణాలను, అంటే పలు రకాల కణాలుగా మారగల కణాలను, ముద్దగా పెంచినప్పుడు అవి పొరలుగా అమరి ఏర్పరచే సూక్ష్మ అవయవ రూపాన్ని ఆర్గనాయిడ్ అంటారు. మందు విషమో కాదో తేల్చడం దానికి చిన్న పని. అవయవానికి ఆకారం ఎలా వస్తుందన్న ప్రశ్నకు అది ఇచ్చిన జవాబే అసలైన అద్భుతం.

ఆకారం రూపుదిద్దుకోవడాన్ని కోడిగుడ్డులో కళ్లారా చూడవచ్చు. హైదరాబాదుకు దగ్గరలోని చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు చాలా ఉన్నాయి. పొదుగుడు గుడ్డు పెంకుకు చిన్న రంధ్రం చేసి చూస్తే, రెండు రోజులు దాటేసరికి పిండంలో కంటి గిన్నె, అంటే రెటీనాగా మారబోయే రెండు పొరల పుటం, రూపు కడుతూ కనిపిస్తుంది. మనిషిలో అదే ఘట్టం గర్భంలో ఐదో వారంలో, ఎవరి చూపూ చేరలేని చోట జరిగిపోతుంది.

మెదడు పక్కనుంచి బుడగలా పొంగిన కణజాలం హఠాత్తుగా లోపలికి వంగి గిన్నె కావడానికి, ఎదురుగా ఏర్పడుతున్న కటకం దాన్ని నొక్కడమే కారణమని చాలాకాలం భావించారు. కన్ను, కటకాల సంబంధం మొదటి నుంచీ పండితులను తికమక పెట్టినదే: పిండశాస్త్రవేత్త హాన్స్ స్పేమాన్ 1901లో కప్ప పిండంలో కంటి మూలాన్ని కాల్చివేయగా కటకం ఏర్పడలేదు గనుక, కన్నే కటకాన్ని పుట్టిస్తుందన్నాడు, మరో జాతి కప్పలో కన్ను లేకున్నా కటకం వచ్చిందని ఆ తరువాత ఆయన ప్రయోగాలే చూపాయి.

జపాన్‌లోని కోబేలో యోషికి ససాయి బృందం 2011లో దాదాపు 3,000 ఎలుక పిండ మూలకణాలను జెల్ కలిపిన ద్రవంలో ఆర్గనాయిడ్‌గా పెంచినప్పుడు, కటకమే లేకుండా కంటి గిన్నె తయారైంది. కణాలను బిగించి ఉంచే మయోసిన్ అనే ప్రోటీన్ చురుకుదనం రెటీనా కాబోయే భాగంలో తగ్గి అక్కడి పొర మెత్తబడగా, వర్ణకం నిండే పక్క పొర మాత్రం బిగుతుగానే ఉండిపోయింది; ఆ రెంటి సరిహద్దులోని కణాలు చీలల్లా ఒకవైపు సన్నబడి మడత బందుగా పనిచేశాయి; అప్పుడు రెటీనా కణాలు వేగంగా విభజన చెంది పొర విస్తరించింది, బిగిసిన అంచు దాటి పక్కకు పోలేక లోపలికే వంగింది. కణ విభజనను అడ్డుకుంటే ఆ చివరి వంపు ముందుకు సాగలేదు. శరీరంలో పిండపు పైపొర పంపే సంకేతాల పాత్ర ఉన్నప్పటికీ, వంగే యంత్రాంగం మాత్రం పొరలోనే ఉంది.

చేవెళ్ల నుంచి బీజాపూర్ రోడ్డు వెంట హైదరాబాదు చేరితే, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ ఉంది. అక్కడ ఇందుమతి మరియప్పన్ బృందం మానవ మూలకణాల నుంచి పెంచిన సూక్ష్మ కార్నియాల వివరాలు 2017లో ‘డెవలప్‌మెంట్’ పత్రికలో వెలువడ్డాయి. రెటీనా మొలక, కార్నియా మొలక, పైన కనురెప్పను పోలిన కప్పు, సిలియరీ అంచును పోలిన అనుబంధ కణజాలం, ఇవన్నీ ఒకే ముద్ద నుంచి వెలువడ్డాయంటే, కంటి ముందు భాగానికీ వెనుక భాగానికీ మధ్య జరిగే సంభాషణను మానవ కణాల్లోనే గమనించవచ్చు. వీటిలో రక్తనాళాలు ఏర్పడవు, కనుక పెరుగుదలకు హద్దుంది.

కార్నియా మూలకణాలు దాని అంచులోనే ఉంటాయి. కళ్లలో సున్నం పడి రెండు కళ్ల కార్నియా అంచులూ దెబ్బతిన్నవారికి, మూలకణాలు తీసుకోవడానికి సొంత ఆరోగ్యకరమైన కన్ను మిగలదు. అలాంటివారికి ఈ సూక్ష్మ కార్నియాల కణాలు ఉపయోగపడవచ్చు.