ఇల్లు కట్టక మునుపే యెండ నెఱుగుట

వైశాఖమాసమున మూడవజామున పడమటి వంటయింట నిలిచిన గృహిణికి తెలిసిన సంగతి, ఆ యింటి పటము గీచిన యింజనీరునకు తెలిసియుండదు. మే మొకప్పు డద్దెకున్న మేడలో పైగది రాత్రి పదిగంటలవఱకు సెగలు గ్రక్కుచుండెను. కట్టిన గోడను కూల్చుట యెవరి తరము? కప్పుపై సున్నము పూయించి, గోనెపట్టాలు తడిపి వేసవి గడపితిమి. ఇట్టి చిక్కును పునాది తీయక మునుపే కనుగొను నుపాయమును గూర్చి సోదరీమణులకు విన్నవింతుము.

నేడు పెద్దకట్టడములను కాగితముపై గాక, కంప్యూటరులో ముందుగా నిర్మించి చూచుచున్నారు. దీనిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడల్ అందురు. ఇందు గోడ యనగా గీత గాదు. దాని మందము, ఎత్తు, అది యే వస్తువుతో కట్టబడునో, అన్నియు దానివెంటనే యుండును. వేఱొకవంక, ఇంటిలోనికి వేడి వచ్చు తీరును లెక్కగట్టు సాధనములు గలవు. అమెరికా ఇంధనశాఖ పోషణమున 2001లో వెలువడిన ఎనర్జీప్లస్ వానిలో ప్రసిద్ధము. ఒక యూరి వాతావరణమును సంవత్సరములోని 8760 గంటలకును దీని కందించినచో, ఏ గది యే గంట నెంత వేడెక్కునో, చల్లబఱచుట కెంత కరెంటు వలయునో చెప్పును.

రెండును గలవు గదా, కలుపరాదా యందురేమో. తంటా అక్కడనే యున్నది. పటము గీచువానికి గోడ తొమ్మిదంగుళముల దళసరి. లెక్కల సాధనమునకో, రెండు గదుల నడుమ పలుచని తెర. మూలలో వెండ్రుకవాసి సందు మిగిలినను గది మూయబడినట్లు లెక్కకు రాదు. ఐ.ఎఫ్.సీ. యను ఉమ్మడిభాష 2013లో అంతర్జాతీయ ప్రమాణమైనను, పలుచోట్ల మనుష్యులే కూర్చుండి యింటిని మరల గీయవలసివచ్చుచున్నది. దినములు పట్టు నీ పనిని చిన్నయిండ్లకై యెవరు చేయుదురు?

కావుననే కృత్రిమమేధను దీనికి నియోగింప జూచుచున్నారు. అది పటములోని వస్తువుల పేళ్లు చదివి, వాని ఉష్ణగుణములను పట్టికలనుండి వెదకి జతపఱచును, సందులను పసిగట్టును, లెక్కకు వలయు వ్రాతను తానే వ్రాయును. వేలకొలది లెక్కలు చూచి నేర్చిన మఱియొక విధమైన యంత్రమేధ, కిటికీపై సజ్జా నొక యడుగు పెంచిన నేమగునో రెప్పపాటున నుజ్జాయింపుగా చెప్పగలదు.

అయినను మాకొక భయము గలదు. పటములో "బ్లాకు" అని మాత్రమే యున్న దనుకొనుడు. తేలికయైన ఏఏసీ బ్లాకుకంటె గట్టి కాంక్రీటు బ్లాకు అయిదురెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. కృత్రిమమేధ పలుమాఱు "తెలియదు" అనక, తోచిన దానిని నింపి ముందునకు సాగును. ఆ తప్పు పటములో కానరాదు. గృహప్రవేశమైన పిమ్మట కరెంటుబిల్లులో కానవచ్చును.

కావున ఇల్లు కట్టించువారు, గోడకును కప్పునకును లెక్కలో నే వస్తువును వేసితిరని యింజనీరు నడుగవలెను. మన దేశమున 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత, కప్పుగుండ వేడి ప్రసరించు కొలతయైన యూ-విలువ 1.2కు మించరాదని విధించినది. వట్టి కాంక్రీటు కప్పు దీనికి రెండురెట్లకు పైబడియే యుండును. పొయ్యి దినమున కెన్ని గంటలు వెలుగును, మధ్యాహ్నము ఇంట నెవ రుందురు అను గడులును ఆ లెక్కలో నుండును. వానిని నింపునపుడు మిమ్మెవరైన నడిగిరా?