ఒక పీపీటీ పక్కన ఇంకో పీపీటీ: మీకు తెలుసా?

షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఉగాది కార్యక్రమం దగ్గరపడిందంటే బరువంతా ఒక్క లాప్‌టాప్ మీద పడుతుంది. పిల్లల నాటికకు ఒకరు పీపీటీ పంపుతారు, పంచాంగ శ్రవణానికి మరొకరు, దాతల పేర్ల స్లైడ్లు ఇంకొకరు. అన్నిటినీ ఒక్క ఫైలుగా చేర్చే పని కొన్నేళ్లుగా నాది. చేస్తూ చేస్తూ తెలుసుకున్న సంగతులివి.

రెండు పీపీటీలను రెండు వేరువేరు విండోల్లో తెరవడం విండోస్ పవర్‌పాయింట్‌కు 2010 వెర్షన్ వచ్చేదాకా చేతకాలేదని మీకు తెలుసా? విండోస్‌కు పవర్‌పాయింట్ వచ్చింది 1990లో. 2007 వెర్షన్‌లో కూడా తెరిచిన ఫైళ్లన్నీ ఒకే పెద్ద చట్రం లోపల చిన్న చిన్న విండోలుగా ఇరుక్కుని ఉండేవి. కింద టాస్క్‌బార్‌లో రెండు బొత్తాలు కనబడేవి కాబట్టి రెండూ విడివిడిగా ఉన్నాయనిపించేది. కానీ ఒకదాన్ని పక్క మానిటర్ మీదికి లాగబోతే రెండోదీ వెంట వచ్చేసేది. ఆ చట్రాన్నే రెండు మానిటర్ల మీదుగా సాగదీసి, లోపలి విండోలను చెరో వైపుకు సర్దుకునేవాళ్లం. వర్డ్ ఈ చట్రాన్ని 2000 వెర్షన్‌లోనే వదిలించుకుంది. ఎక్సెల్ మాత్రం 2013 వెర్షన్ దాకా ఆగింది.

విండోలు వేరైనా లోపల నడిచే ప్రోగ్రాం ఒక్కటే. ఒక పీపీటీ బిగుసుకుపోతే పక్కన తెరిచిన పీపీటీలూ బిగుసుకుపోతాయి. అందుకే వేదిక మీద ఆడించే ఫైలు తెరిచి ఉన్నప్పుడు, ఎవరో చివరి నిమిషంలో పంపిన బరువైన వీడియో ఫైలును అదే లాప్‌టాప్‌లో తెరవకండి.

అసలు ఒకే తెర మీద ఒక్కో పనికి ఒక్కో విండో అన్న ఆలోచనకు మన చుట్టుపక్కల ఊళ్లతో కూడా సంబంధం ఉందని మీకు తెలుసా? టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ 1966లో నేపర్‌విల్‌లో ఇండియన్ హిల్ కేంద్రం తెరిచింది. ఆ కేంద్రం పని టెలిఫోన్ ఎక్స్చేంజీలది, విండోలది కాదు. అదే బెల్ ల్యాబ్స్‌కు న్యూజెర్సీలో ఉన్న కేంద్రంలో రాబ్ పైక్, బార్ట్ లొకాంథీ 1982లో బ్లిట్ అనే టెర్మినల్ తయారుచేశారు. నిలువుగా ఉండే దాని తెర మీద ఎన్నో విండోలు తెరుచుకునేవి, ఒక్కో దానిలో ఒక్కో యూనిక్స్ ప్రోగ్రాం నడిచేది. దాన్ని 5620 అనే పేరుతో అమ్మకానికి తెచ్చింది టెలిటైప్ కంపెనీ. అది ఉన్న స్కోకీ, షికాగోకు ఉత్తరాన ఉన్న శివారు ఊరు. షికాగో తెలుగువాళ్లలో ఇంతమంది పొట్టపోసుకునేది విండోల ముందు కూర్చునే కదా, ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంతో సంతోషం వేసింది.

ఒకే ఫైలును కూడా రెండు విండోల్లో చూడవచ్చు. వ్యూ ట్యాబ్‌లో న్యూ విండో నొక్కితే చాలు. ఒకదానిలో మొదటి స్లైడు, ఇంకోదానిలో నలభయ్యో స్లైడు పెట్టుకుని పోల్చుకోండి. ఎక్కడ దిద్దినా రెండు చోట్లా మారుతుంది. పక్కనే ఉన్న అరేంజ్ ఆల్, తెరిచిన విండోలను పక్కపక్కన సర్దిపెడుతుంది.

అలా సర్దుకున్నాక ఒక పీపీటీలోని స్లైడును పట్టుకుని ఇంకో దానిలోకి లాగి వదలవచ్చు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వచ్చిన స్లైడు కొత్త ఇంటి రంగులు, ఫాంట్లు వేసుకుంటుంది. పాత రూపమే కావాలంటే స్లైడు దగ్గర కనబడే చిన్న గుర్తు నొక్కి కీప్ సోర్స్ ఫార్మాటింగ్ ఎంచుకోవాలి. దాతల స్లైడ్లకు ఇది తప్పనిసరి, లోగోల వెనక రంగు మారితే పేర్లు చదవలేం.

తెలుగు అక్షరాలది వేరే కథ. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. నకలు తీసి పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల థీమ్ ఫైలు ఉంటుంది. ఏ లిపికి ఏ ఫాంటు వాడాలో అందులో ఒక పట్టిక. మామూలు ఆఫీస్ థీమ్‌లో తెలుగుకు రాసిపెట్టిన పేరు గౌతమి. కానీ విండోస్ 10 నుంచి గౌతమి ఫాంటు అదనంగా తెచ్చుకోవలసిన జాబితాలోకి వెళ్లిపోయింది. అమెరికాలో కొన్న కొత్త లాప్‌టాప్‌లో మామూలుగా ఉండేది నిర్మల ఫాంటు. అందుకే ఇండియా నుంచి వచ్చిన పద్యాల స్లైడు ఇక్కడ తెరిస్తే ఫాంటు మారి, పాదం విరిగి రెండో వరుసలోకి జారవచ్చు. రెండు విండోలు పక్కపక్కన పెట్టి, పంపినవాళ్ల పీడీఎఫ్‌తో వరుస వరుసా పోల్చి చూస్తే తప్ప ఇది కంటికి ఆనదు.

ఈసారి ఎవరైనా మిమ్మల్ని తెలుగు స్లైడ్లు అడిగితే, ఫైలుతో పాటు ఒక పీడీఎఫ్, వాడిన ఫాంటు పేరు కూడా పంపండి.