సీమ నుంచి సముద్రానికి

ప్రియమైన తమ్ముళ్ళారా,

మన హాస్టల్లో చదివే రోజుల్లో నాకు తెలిసిన నీళ్ళు మూడే: బోరింగు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు, కె.సి. కాలువ నీళ్ళు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. సీటు వచ్చిందని చెబితే మా అమ్మ, "సముద్రమంటే మన తుంగభద్ర కంటే పెద్దదా నాయనా?" అని అడిగింది. అప్పటికి నేనూ చూడలేదు. రెండేళ్ళపాటు ఆదివారాల్లో సిటీ బస్సుల్లో, కాలినడకన తిరిగి తెలుసుకున్న విశాఖ తీరం గురించి మీకు చెబుతాను.

మొదట చూడవలసింది పాత పట్నం. అక్కడి వాళ్ళు వన్ టౌన్ అంటారు. 1933లో ప్రారంభమైన రేవు దాని పక్కనే ఉంది. డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రంలోకి పొడుచుకొని వచ్చి, రేవును పెద్ద కెరటాల నుంచి కాపాడుతుంది. రేవు దగ్గర పక్కపక్కనే మూడు గుట్టలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి.

ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామునే వెళ్ళాలి. బోట్ల నుంచి చేపలు దిగుతుంటే ఆడవాళ్ళే పాట పాడి బేరాలు తేలుస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. 2023 నవంబరులో ఒక రాత్రి ఇక్కడ మంటలు చెలరేగి సుమారు 40 బోట్లు దెబ్బతిన్నాయి. కరువు మన సీమకే రాసిపెట్టిందని అనుకునేవాణ్ణి. నీళ్ళ మధ్య బతికేవాళ్ళకూ పని లేని నెలలుంటాయని అక్కడే తెలుసుకున్నాను.

అక్కణ్ణుంచి ఉత్తరంగా వస్తే రామకృష్ణా బీచ్. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామిని 2002 నుంచి ఇక్కడ మ్యూజియంగా చూపిస్తున్నారు. లోపలికి వెళ్ళి చూడవచ్చు.

ఇక్కడే ఒక హెచ్చరిక. కాలువలో ఈత వచ్చుకదా అని మొదటి వారంలోనే నేను నడుము లోతుకు దిగాను. కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. ఒక మత్స్యకారుడు చొక్కా పట్టుకుని లాగి, "కాలవ ఈత కెరటానికి చాలదు బాబూ" అన్నాడు. కెరటాలు తెచ్చిన నీరు మళ్ళీ వెనక్కి పోవాలి. అది కొన్నిచోట్ల ఒక పాయగా చేరి లోపలికి వేగంగా లాగుతుంది. అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలసిపోతాం. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక బయటికి రావాలి. అన్నిటికంటే మంచిది, పాదాలు తడుపుకుని వెనక్కి రావడం.

భీమిలి వైపు దారిలో ఋషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. 1976లో నౌకాదళం విమాన సర్వేలో ఈ కొండపై బౌద్ధ అవశేషాలున్నట్టు తెలిసింది. వాననీరు నిలవడానికి భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్ల వల్లే ఆ పేరు. పక్కన సముద్రమున్నా తాగే నీటిని వాళ్ళూ వానచుక్కల్లోనే వెతుక్కున్నారు! తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే మధ్యధరా సముద్రపు నాణెం రెండువేల ఏళ్ళ క్రితమే మన తీరానికి చేరిందన్నమాట.

ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. గండికోట లోయను చిన్నదిగా చేసి ఎర్ర ఇసుకతో పోసినట్టుంటాయి. చివర గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం. ఒకప్పటి డచ్చివారి వర్తక స్థావరం. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే అది మునిసిపాలిటీ అయింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాతోపాటు సీటు వచ్చిన ఒక మిత్రుణ్ణి "అంత దూరమా" అని ఇంట్లో పంపలేదు. తమ్ముళ్ళారా, 1926లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ మన సీమవాడే, చిత్తూరు ప్రాంతపు కట్టమంచి రామలింగారెడ్డి గారు. దూరమని సీటు వదులుకోకండి.

చదువు ముగిశాక అమ్మను తీసుకెళ్ళి బీచ్ చూపించాను. దోసెడు నీళ్ళు నోట పోసుకుని ఉమ్మేసి, "ఇన్ని నీళ్ళుండీ ఒక బిందెకు పనికిరావా!" అంది. తర్వాత చాలాసేపు అక్కడి నుంచి లేవలేదు.

మీ అమ్మలకూ ఆ సముద్రాన్ని మీరే చూపించాలని కోరుకుంటూ,

మీ సీనియర్ అన్న